గుత్తి వంకాయకి మైనం పూత: తరుగు తగ్గించిన ఒక కేసు

"కూరగాయల మీద తినే పూత ఏదో వేస్తే ఇంకో నాలుగు రోజులు ఆగుతాయంట కదా సార్, ఏది వాడమంటారు?" అని అడిగే రైతు సంఘాలు ఈ మధ్య బాగా ఎక్కువయ్యాయి. కొందరైతే సీసా చేత్తో పట్టుకునే వస్తారు. కైటోసాన్, కలబంద గుజ్జు, కార్నౌబా మైనం, లక్క, తేనెమైనం, ఈ పేర్లన్నీ జనానికి తెలిసిపోయాయి, వీడియోలు కూడా బోలెడు ఉన్నాయి. కానీ ఆ కాయలోంచి నీరు ఏ దారిన పోతోంది, కాయ ఎక్కడ వేడెక్కుతోంది, పూత వేశాక ఎక్కడ ఆరబెడతారు అని అడిగేవాళ్ళు తక్కువ. నేను చూసిన ఈ కేసులో ఫలితం మొత్తం ఆ మూడింటి మీదే ఆధారపడింది, అందుకే ఎక్కడ ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో వివరంగా రాస్తున్నాను. సంఘం పేరు, ఊరు, కొన్న కంపెనీ ఎవరన్నదీ చెప్పను. అంకెలు కూడా గుండ్రంగా చేసి ఇస్తున్నాను.

నేపథ్యం

కోస్తా ఆంధ్రలో ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘం. సభ్యులంతా ఎకరం, రెండెకరాల వాళ్ళు, ముఖ్యమైన పంట గుత్తి వంకాయ. వారానికి రెండు కోతలు. పొద్దున్న ఏడింటికి మొదలుపెట్టి పదకొండు, పదకొండున్నర దాకా కోసి, గోనె సంచుల్లో కుక్కి గట్టు మీద చెట్టు కింద పెట్టేవాళ్ళు. నీడ జరిగిపోతే సంచి ఎండలోనే ఉండిపోయేది. మధ్యాహ్నం ట్రాలీ ఆటో వచ్చి షెడ్డుకి చేరుస్తుంది, అక్కడ ఆడవాళ్ళు గ్రేడింగ్ చేసి ప్లాస్టిక్ క్రేట్లలో సర్దుతారు, సాయంత్రం బండి ఎక్కితే తెల్లవారేసరికి హైదరాబాద్‌లో, ఈ కాయలు కొనే కంపెనీ గోడౌన్. అక్కడ మళ్ళీ కాటా వేసి, క్వాలిటీ చూసి, స్టోర్లకి పంచుతారు. కోసిన కాయ ఇంటికి చేరేసరికి రెండు రోజులు, ఒక్కోసారి మూడు.

గుత్తి వంకాయ చిన్న కాయ. కాయ చిన్నదయ్యేకొద్దీ దాని బరువుతో పోలిస్తే పైతోలు విస్తీర్ణం ఎక్కువ, కాబట్టి నీరు తొందరగా పోతుంది. పైగా కాయ సైజుకి ముచ్చిక, అంటే కాయ తల మీది పచ్చటి టోపీ, పెద్దది, దాని మీద ముళ్ళు. క్రేటు కదిలినప్పుడల్లా ఒక కాయ ముల్లు పక్క కాయ తోలులో దిగుతుంది. ఈ రెండు సంగతులూ తర్వాత మాకు చాలా పని పెట్టాయి.

సమస్య ఏమని చెప్పారు, నిజంగా ఏముంది

సంఘం వాళ్ళు చెప్పింది ఒక్కటే మాట, "కాయ ఆగట్లేదు సార్." లెక్కలు తీస్తే అందులో మూడు వేర్వేరు బాధలు కనిపించాయి. ఒకటి తరుగు. షెడ్డులో వంద కిలోలు తూచి పంపితే ఎండాకాలంలో గోడౌన్ కాటా మీద తొంభై ఐదు, తొంభై ఆరు పలికేది, ఆ నాలుగైదు కిలోలూ రైతు డబ్బులే. రెండోది నిగనిగ తగ్గి, నొక్కితే మెత్తగా తగిలే కాయలని వెనక్కి పంపేయడం. మూడోది కుళ్ళు.

పూత గురించి మాట్లాడే ముందు, ఒక కోతలో గోడౌన్ వాళ్ళు పక్కన పెట్టేసిన కాయలన్నీ అక్కడే కింద పోయించి కుప్పలుగా వేరు చేయించాను. వాడి ముడతలు పడ్డవి ఒక కుప్ప, పుచ్చులూ కుళ్ళినవీ ఒక కుప్ప, ముల్లు గుచ్చుకున్నవి ఒక కుప్ప. ఎండాకాలం కాబట్టి మొదటి కుప్ప అన్నిటికన్నా పెద్దది. ఈ పని చేయకుండా పూత మొదలుపెడితే తర్వాత గొడవే. ఎందుకంటే కాయతొలుచు పురుగు లోపల ఉన్న కాయకి పైన ఏం రాసినా అది లోపల్నుంచి కుళ్ళుతుంది, అప్పుడు "మీ మందు పనిచేయలేదు" అంటారు. అందుకే సంఘం పెద్దలకి ముందే స్పష్టంగా చెప్పాను, పూత వల్ల మొదటి కుప్ప తగ్గొచ్చు, రెండోది తగ్గదు, మూడోదానికి మందు సర్దడంలో ఉంది.

వాళ్ళు అంతకుముందు చేసినవి రెండు. గోనె మీద నీళ్ళు చల్లడం ఒకటి. దానివల్ల కాయ చల్లబడుతుంది గానీ తడి కాయలని ఒకదాని మీద ఒకటి కుక్కితే తెల్లారేసరికి ముచ్చిక కింద బూజు. రెండోది, గుడ్డతో వంటనూనె రాయడం. చూడ్డానికి మెరుపు వస్తుంది, కానీ దుమ్ము పట్టేస్తుంది, రెండో రోజుకి ముక్కిన వాసన, క్వాలిటీ చూసే కుర్రాడి చేతికి జిడ్డు అంటుకుంటే క్రేటు మొత్తం వెనక్కి. పైగా మార్కెట్లో కొందరు మినరల్ ఆయిల్ (పెట్రోలియం నుంచి తీసే నూనె) రాస్తారన్న చెడ్డపేరు ఉండనే ఉంది. నూనె కనపడగానే ఎవరికైనా అదే అనుమానం వస్తుంది.

ముందు వేడి తగ్గించాం

నేను పూత జోలికి వెంటనే వెళ్ళలేదు. కారణం సులువే. కోత పద్ధతి అలాగే ఉంచి పూత వేస్తే, కాస్త ఫలితం వచ్చినా అది దేనివల్ల వచ్చిందో తెలియదు, రాకపోతే ఎందుకు రాలేదో అసలే తెలియదు. ఎండలో సంచి మధ్యలో ఉన్న కాయలో థర్మామీటర్ గుచ్చితే ముప్ఫై ఎనిమిది డిగ్రీలు చూపించింది. అంత వేడిగా ఉన్న కాయ ఊపిరి పీల్చే వేగం, నీరు వదిలే వేగం రెండూ ఎక్కువే.

కోత తెల్లవారాక మొదలుపెట్టి తొమ్మిదింటికల్లా ఆపేయమన్నాం. కూలీల టైమింగ్ మార్చడం చెప్పినంత తేలిక కాదు, ఇంట్లో వంట, పిల్లల బడి అన్నీ చూసుకుని వచ్చేవాళ్ళు వాళ్ళు. సంఘం వాళ్ళు కోత రోజుకి కూలి కొంచెం పెంచి ఒప్పించారు. గోనె మానేసి పొలంలోకే క్రేట్లు, పైన తడిపిన గోనె కప్పు, అదీ కాయకి తగలకుండా. మెలితిప్పి పీకడం మానేసి చిన్న కత్తెరతో కాడ కొద్దిగా ఉంచి కోయడం. పీకితే ముచ్చిక అంచు కాయ నుంచి విడిపోతుంది, ఆ చీలికలోంచి నీరు పోతుంది, బూజూ అక్కడే మొదలవుతుంది.

ఈ మార్పులతోనే తరుగు దాదాపు మూడో వంతు తగ్గింది. పైసా మైనం ఖర్చు లేకుండా. ఇక్కడితో ఆపేద్దామా అని నిజంగానే ఆలోచించాం. కానీ స్టోర్‌లో రెండో రోజు మెత్తబడటం అలాగే ఉంది, వెనక్కొచ్చే కాయలు పెద్దగా తగ్గలేదు. అప్పుడు పూత వైపు వెళ్ళాం.

కైటోసాన్ ఎందుకు కుదరలేదు

సంఘంలో చదువుకున్న కుర్రాళ్ళ మొగ్గంతా కైటోసాన్ మీదే. రొయ్యల పొట్టు నుంచి తీసేది, రొయ్యల చెరువులు మన కోస్తాలోనే, బూజుని అడ్డుకునే గుణం కూడా ఉంది. ప్రయత్నించకుండా కాదంటే వినరు, వినకపోవడం న్యాయమే. ఒక శాతం అసిటిక్ ఆమ్లంలో ఒక శాతం కైటోసాన్ కరిగించి కొద్ది కాయల మీద వేశాం.

మొదటి చిక్కు అక్కడికక్కడే కనిపించింది. వంకాయ తోలు మీద దేవుడిచ్చిన మైనం పొర ఉంటుంది కదా, నీళ్ళలాంటి ద్రావణం దాని మీద పరుచుకోదు. చుక్కలు చుక్కలుగా జారి అడుగున ఒక బొట్టులా వేలాడింది, ఆరాక అక్కడ మాత్రం తెల్లటి మచ్చ. పాలీసోర్బేట్ 80 కొద్దిగా కలిపితే పరుచుకుంది. పొర విరగకుండా గ్లిజరిన్ వేస్తే, దాని మోతాదు కాస్త ఎక్కువైనప్పుడు కాయ జిగటగా ఉండిపోయి దుమ్ము పట్టింది, తగ్గించాక సరిపోయింది. ఇంత చేసి బరువు చూస్తే పూత వేసిన కాయలకీ వేయనివాటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇది ఆశ్చర్యపడాల్సిన విషయం కాదు. కైటోసాన్, ఆల్జినేట్, గంజి, తుమ్మ బంక, కలబంద, ఇవన్నీ నీటిని ఇష్టపడే పదార్థాలు. వాటి పొర ఆక్సిజన్‌ని బాగానే అడ్డుకుంటుంది, అందుకే పండే కాయల్లో పండటాన్ని నెమ్మది చేయడానికి పనికొస్తాయి. నీటి ఆవిరిని ఆపడం వాటి వల్ల పెద్దగా కాదు. ఆ పని మైనాలది, కొవ్వులది. మా బాధ వంకాయ పండిపోతోందని కాదు, నీరు పోతోందని. కైటోసాన్ మంచిదే, ఈ కాయకి ఉన్న జబ్బుకి అది మందు కాదు.

దీనికి తోడు కంపెనీ నుంచి ఒక ఫోన్. "ఇది వెజ్జా, నాన్ వెజ్జా?" కార్తీక మాసంలో వంకాయ కొనే ఇంట్లో రొయ్య పొట్టు నుంచి తీసిన పదార్థం అని తెలిస్తే ఏమంటారో ఊహించుకోండి. రొయ్య పడని వాళ్ళ సంగతి కూడా ఉంది. శిలీంధ్రాల నుంచి తీసే కైటోసాన్ ఉంది గానీ ఈ ధర కూరగాయకి అది గిట్టదు. పైగా మన దేశపు ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల్లో పూతకి పేరుపెట్టి ఒప్పుకున్న మైనాలు మూడు: తేనెమైనం, కార్నౌబా, లక్క. అవి కూడా అవసరమైనంత మేరకే, వేశామని లేబుల్ మీద చెప్పి. కైటోసాన్ ఆ జాబితాలో లేదు. ఈ కారణాలన్నీ ఒక పక్కకే మొగ్గాయి.

కలబంద గురించి కూడా రెండు ముక్కలు, ఎందుకంటే అందరూ అడుగుతారు. ఇంట్లో తీసిన గుజ్జు కొద్ది గంటల్లోనే రంగు మారుతుంది, సూక్ష్మజీవులకి మంచి ఆహారం, ఈ రోజు గుజ్జు రేపటి గుజ్జులా ఉండదు. ఇంటి వాడకానికి సరే, బండ్ల కొద్దీ సరుక్కి కుదరదు.

ముచ్చిక సంగతి

అసలు మలుపు ఇక్కడ వచ్చింది. షెడ్డులో చాలా ఏళ్ళుగా గ్రేడింగ్ చేస్తున్న ఒకావిడని, కాయ వాడిందో లేదో ఇంత వేగంగా ఎలా పట్టేస్తున్నారమ్మా అని అడిగాను. "కాయనేం చూడమండి. ముచ్చిక చూస్తాం. కాయ కంటే ముందు అదే వాడిపోద్దండి. ముచ్చిక పచ్చగా నిలబడి ఉంటే కాయ బాగున్నట్టేనండి." బజారులో మా అమ్మ కూడా అలాగే చూసేది. చేత్తో పట్టుకుని ముచ్చిక ఎత్తి కింద రంగు చూస్తుంది.

ఆవిడ చెప్పింది శాస్త్రానికి సరిగ్గా సరిపోతుంది. ముచ్చిక ఆకు జాతి కణజాలం, దానికి ఆకులకి ఉన్నట్టు పత్రరంధ్రాలుంటాయి. కాయ తోలేమో మైనం పూసిన మందపు పొర. వంకాయలో పోయే నీటిలో సగానికి పైగా ముచ్చిక గుండానే పోతుందని పరిశోధనల్లో తేలింది కూడా. టమాటాలో ఇలాగే, తోలుకి రంధ్రాలుండవు, గాలి మార్పిడి దాదాపు అంతా తొడిమ ఊడిన మచ్చ దగ్గరే. అయితే మన కాయలో, మన ఎండలో, ఎంత? అది తేల్చుకోకుండా పూత ఎక్కడ వేయాలో నిర్ణయించలేం.

దానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఒకే కోతలో ఒకే సైజు కాయలు ఏరి నాలుగు భాగాలు చేశాం. ఒక భాగానికి ఏమీ లేదు. రెండో భాగానికి ముచ్చిక మీద, కాడ కోసిన చోట వాజలైన్ పట్టించాం, ముచ్చిక రెక్కల కిందకి కూడా చూపుడు వేలితో. మూడో భాగానికి ముచ్చిక వదిలేసి తోలంతా. నాలుగోదానికి మొత్తం. బంగారం కొట్లో వాడే లాంటి చిన్న కాటా మీద పూటపూటకీ తూకం. ఈ కాయలు తినడానికి కాదు, పరీక్ష అవ్వగానే గోతిలో వేసేశాం.

ముచ్చిక మూసిన కాయలు, ఏమీ రాయనివాటితో పోలిస్తే సగం కన్నా తక్కువ బరువు పోగొట్టుకున్నాయి. తోలుకి మాత్రమే రాసినవి ఏమీ రాయనివాటికి దగ్గర్లోనే ఉన్నాయి. అంటే అప్పటిదాకా తోలు మెరిసేలా ఏం రాసినా, అది ట్యాంకుకి రంగేసి కుళాయి తెరిచి వదిలేయడం లాంటిదే.

నాలుగో భాగం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మొత్తం మూసేసిన కాయ బరువు దాదాపు తగ్గలేదు, నిగనిగలాడుతోంది, చూసిన కుర్రాళ్ళు సంబరపడ్డారు. మూడో రోజు కోస్తే గప్పుమని పులిసిన వాసన, గింజల చుట్టూ గుజ్జు గోధుమ రంగు. నీరు పోయే దారే గాలి వచ్చే దారి కూడా. అది పూర్తిగా మూసేస్తే కాయకి ఆక్సిజన్ అందక లోపల పులుస్తుంది. ముచ్చికని మూయాలి, కానీ ఊపిరాడేంత వదలాలి. తర్వాతి పని అంతా ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో వెతకడమే.

మైనం ఎంపిక, ముంచడంలో వచ్చిన తంటా

మూడు మైనాల్లో కార్నౌబా తీసుకున్నాం. తేనెమైనం ఎమల్షన్ (మైనం సన్నటి బిందువులుగా నీళ్ళలో కలిసి ఉండే ద్రవం) చేతిపనిగా చేస్తే నిలకడ ఉండట్లేదు. లక్క మంచి మెరుపు ఇస్తుంది గానీ చల్లని గదిలోంచి బయటికి తీసినప్పుడు కాయకి చెమట పడితే తెల్లగా పాలిపోతుంది, పైగా లక్క పురుగు నుంచి వచ్చేది కాబట్టి వెజ్ ప్రశ్న మళ్ళీ మొదటికి. కార్నౌబా బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మైనం. నీటిని బాగా ఆపుతుంది, లక్కతో పోలిస్తే గాలిని కాస్త వదులుతుంది. మాకు కావలసింది సరిగ్గా అదే. నీటిలో కలిసే ఎమల్షన్‌గా దొరుకుతుంది. కొనేటప్పుడు ఆహార వాడకానికి పనికొచ్చేదన్న పత్రం, మోర్ఫోలిన్ లేదన్న హామీ రెండూ రాతపూర్వకంగా తీసుకున్నాం. మోర్ఫోలిన్ అనే రసాయనాన్ని కొన్ని మైనం ఎమల్షన్లలో కలుపుతారు, యూరప్‌లో దానికి అనుమతి లేదు, ఇక్కడ కూడా అది లేని సరుకే తీసుకోవాలన్నది నా పట్టు.

యాపిల్‌కీ నారింజకీ చెప్పిన గాఢతలోనే టబ్బులో పోసి కొద్ది కాయలు ముంచి చూశాం. అందులో రెండు లోపాలు బయటపడ్డాయి. ముచ్చిక రెక్కకీ కాయకీ మధ్య సందులో ద్రవం నిలబడిపోయింది. పైన అంతా ఆరినా ఆ సందు ఆరదు, రెండు రోజుల తర్వాత రెక్క ఎత్తితే కింద తెల్లటి బూజు. రెండోది, కోసి చూస్తే కొన్ని కాయల్లో అదే పులిసిన వాసన. ఆ గాఢత చల్లని గదిలో ఉండే యాపిల్‌కి సరిపోతుందేమో, ముప్ఫై ఐదు డిగ్రీల్లో బండి ఎక్కే వంకాయకి సరిపోదు. వేడి పెరిగితే కాయకి కావలసిన ఆక్సిజన్ బాగా పెరుగుతుంది, పూత గాలిని వదిలే శక్తి అంతగా పెరగదు. ఎవరైనా పూత గురించి ఫలితం చెబితే అది ఎన్ని డిగ్రీల దగ్గర వచ్చిందో తప్పకుండా అడగాలి.

ఇక ముంచే టబ్బులో ఒక్క కుళ్ళు కాయ పడినా దాని బూజు విత్తనాలు తర్వాత ముంచే ప్రతి కాయకీ అంటుకుంటాయి. ముంచడం మానేయడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఏది నిలబడింది

గాఢత సగం, ఆ తర్వాత ఇంకా తగ్గిస్తూ, ప్రతి మెట్టులోనూ బరువు చూడటం, కోసి వాసన చూడటం, కూర వండి తినడం. కూర దాకా వెళ్ళడం తప్పనిసరి అనుకుంటాను. గుత్తి వంకాయ కూరలో ముచ్చిక తీయరు, ముచ్చికతోనే నాలుగు పక్షాలుగా చీల్చి కూరతారు. పూత ముచ్చిక మీద ఎక్కువ పడుతుంది కాబట్టి అది నోట్లోకే వెళ్తుంది. రుచిలో తేడా లేదని షెడ్డులో వాళ్ళందరూ అన్నాకే ముందుకు కదిలాం.

పల్చన చేసేటప్పుడు ఇంకో చిక్కు. బోరు నీళ్ళు కలపగానే ఎమల్షన్ విరిగిపోయింది, పైన రవ్వలు తేలాయి. అక్కడి బోరు నీళ్ళు బాగా గట్టివి, ఆ నీటిలోని కాల్షియం ఎమల్షన్‌లోని సబ్బు గుణాన్ని పాడు చేస్తుంది. ఊళ్ళో వాటర్ ప్లాంట్ నుంచి క్యాన్లు తెప్పించాక ఆ బాధ పోయింది. సరఫరా చేసినవాళ్ళ కాగితంలో ఈ మాట ఎక్కడా లేదు.

చివరికి కుదిరిన పద్ధతి ఇది. గ్రేడింగ్ అయిపోయిన, చల్లబడిన, పొడి కాయలని జాలీ ట్రేల మీద ముచ్చిక పైకి ఉండేలా, ఒకదానికొకటి తగలకుండా పేర్చడం. పైనుంచి చేతి స్ప్రేయర్‌తో సన్నటి పొగమంచులా ఒక్కసారి తిప్పడం. ముచ్చిక మీద ఎక్కువ పడుతుంది, తోలు మీద ఏదో కొంచెం. సన్నటి తుంపర కాబట్టి రెక్కల కింద నిలబడదు. స్పాంజితో ఒక్కో ముచ్చికకీ అద్దితే ఇంకా మెరుగైన ఫలితం వచ్చింది గానీ కూలి లెక్క గిట్టలేదు, పదార్థం ఖర్చు కన్నా చేతిపని ఖర్చే ఎక్కువైంది. స్ప్రేయర్ విషయంలో మాత్రం అస్సలు రాజీ లేదు. పురుగుమందు కొట్టిన స్ప్రేయర్‌ని ఎంత కడిగినా ఇక్కడికి రానివ్వకూడదు. కొత్తది కొని, రంగు రంగు టేపులు చుట్టి, షెడ్డులో తాళం వేసి పెట్టించాం.

ఆరబెట్టడం అన్నిటికన్నా ఎక్కువ సమయం తింటుంది. పెద్ద ఫ్యాన్లు రెండు వైపులా పెట్టి, ట్రేల మధ్య గాలి ఆడేలా అమర్చాం. ఆరిందో లేదో చూడ్డానికి టిష్యూ ముక్క ముచ్చిక మీద అద్దితే అంటుకోకూడదు, రెక్క అంచు ఎత్తి అక్కడ కూడా చూడాలి. తొందరపడి తడి మీద క్రేట్లలో పోస్తే వేసిన పూత, పడ్డ శ్రమ రెండూ వృథా. వాన ముసురు పట్టిన రోజుల్లో కోస్తా గాలిలో ఎన్ని ఫ్యాన్లు పెట్టినా ఆరదు. అందుకని ముసురు రోజుల్లో పూత వేయం అని సంఘం నియమం పెట్టుకుంది. ఆ రోజుల్లో తరుగు కూడా తక్కువే, అప్పుడు గొడవ కుళ్ళుతో, దానికి పూత పనికిరాదని ముందే చెప్పుకున్నాం కదా.

క్రేటులో కాయలు రెండు వరసలే, మధ్యలో పాత న్యూస్ పేపర్ వాడేవాళ్ళు, అది ఇంకు అంటుతుందని తెల్ల కాగితానికి మార్పించాం. ముల్లు గుచ్చుకోవడం దీనితోనే బాగా తగ్గింది.

ఎండాకాలం పూర్తయ్యేసరికి వంద కిలోలకి రెండు కిలోల లోపు తరుగు. తగ్గినదాంట్లో సగం పుణ్యం కోత మార్పులది, మిగతాది పూతది. స్టోర్‌లో రెండో రోజు మెత్తబడే కాయ మూడో రోజు సాయంత్రం దాకా నిలబడుతోంది. ఒక రోజు అంటే బయటివాళ్ళకి చిన్నగా అనిపించొచ్చు. రైతుకి అది వెనక్కి వచ్చే బండికీ అమ్ముడుపోయే బండికీ మధ్య తేడా.

నడిమధ్యలో వచ్చిన ఫిర్యాదు

అంతా కుదురుకుంటున్న సమయంలో గోడౌన్ నుంచి ఫోటోలు. కాయల మీద గుంటలు పడ్డ గోధుమ మచ్చలు, ముచ్చికలు నల్లగా, కోస్తే గింజలు నల్లబడి ఉన్నాయి. "మీ మైనం వల్లే" అన్నారు. సంఘంలో అందరికీ టెన్షన్, పూత ఆపేద్దామన్నారు కొందరు.

మేం మొదటి నుంచీ ప్రతి లోడులో పూత లేని క్రేటు ఒకటి, గుర్తు పెట్టి పంపుతున్నాం. అదెందుకు దండగ అని అడిగినవాళ్ళు ఉన్నారు, ఆ రోజు దాని విలువ తెలిసింది. ఆ క్రేటు తెరిపించి చూస్తే అందులోనూ అవే గుంటలు. అంటే పూత కారణం కాదు. గోడౌన్‌లో ఆకుకూరల గది నాలుగైదు డిగ్రీల్లో ఉంటుంది, చోటు లేక వంకాయ క్రేట్లని రెండు రాత్రులు అందులో పెట్టారు. వంకాయ వేడి దేశపు కాయ, పది డిగ్రీల కిందకి పోతే చలి దెబ్బ తింటుంది, దానికి అనువైనది 10 నుంచి 12 డిగ్రీలు, గాలిలో తేమ 90 శాతం పైన. టమాటా, కీరా, క్యాప్సికం, బెండ, వీటికీ చలి దెబ్బ ఉంది, ఫ్రిజ్ ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకునేవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. క్రేట్లని వేరే గదికి మార్చాక మచ్చలు ఆగిపోయాయి.

లేబుల్ గురించి జరిగిన వాదన

యాపిల్ మీద కత్తితో గీకి మైనం చూపించే వీడియోలు అందరి ఫోన్లలోనూ తిరుగుతుంటాయి. అందుకని "మైనం పూత వేసినది" అని రాస్తే ఎవరూ కొనరని సంఘంలో గట్టిగా వాదన నడిచింది. నిబంధన చెప్పమంటోంది కాబట్టి రాయకుండా ఉండే ప్రశ్నే లేదని నేను చెప్పాను. అంతకంటే ముఖ్యంగా, తినేవాళ్ళకి తెలిసే హక్కు ఉందని నా నమ్మకం. ఏం రాయాలన్నది ఆహార భద్రత అధికారిని అడిగి, క్రేటు కార్డు మీద కార్నౌబా మైనం అని పేరు పెట్టి, స్టోర్ ట్రే దగ్గర కూడా అదే మాట పెట్టించాం. రెండు స్టోర్లు వద్దన్నాయి, వాళ్ళకి పూత లేని కాయలే వెళ్తున్నాయి. మిగతావాటిలో అమ్మకం తగ్గలేదు. కొన్నవాళ్ళు ట్రే ముందు నిలబడి కార్డు చదివి, ముచ్చిక ఎత్తి చూసి, సంచిలో వేసుకోవడం నేనే చూశాను.

తర్వాత ఏం చేస్తున్నారు

ఇప్పుడు అదే సంఘం క్యాప్సికంకి, బెండకి కూడా ఇలాగే వేద్దామంటోంది. క్యాప్సికంలో కూడా తొడిమ దగ్గర నుంచే చాలా నీరు పోతుంది కాబట్టి దాని మీద వాజలైన్ పరీక్ష మొదలుపెట్టాం, తోలుకీ తొడిమకీ మధ్య పాళ్ళు తేలాక గాఢత నిర్ణయిస్తాం. బెండకి వద్దన్నాను. బెండ ఊపిరి వేగం చాలా ఎక్కువ, పైన నూగు ఉండటం వల్ల పూత సమానంగా పడదు, ఆరడానికి పట్టే సమయంలోనే చివర్లు నల్లబడతాయి. దానికి తెల్లవారుజామున కోసి, నీడలో తడి గోనె కింద ఉంచి, అదే సాయంత్రం బండి ఎక్కించడమే ప్రస్తుతానికి చేస్తున్నది. పూత లేని గుర్తు క్రేటు మాత్రం ప్రతి వంకాయ లోడులోనూ ఇప్పటికీ వెళ్తోంది, దాని తూకం రాసే పుస్తకం గ్రేడింగ్ చేసే ఆవిడ దగ్గరే ఉంది.